గోరు

కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగి
నగరి వీధికి చెవులు తిరిగొచ్చినప్పుడు
వినబడింది మావాడి ఏడుపు.
పెరుగన్నం నోట్లోనే ఉండాది, మింగలేడు.

అరచేయి తిప్పితే పెసరగింజలంత పొక్కులు.
అరికాళ్ళలోనూ. నాలుక అంచున ఒకటి, తెల్లగా.

"అమ్మవారు పోసిండాది, వేపమండ కట్టు" అనింది మునెమ్మత్త.
"అమ్మవారైతే వొళ్ళంతా తిరుగుతాది పెద్దమ్మా,
ఇది చేతులు, కాళ్ళు, నోరు పట్టుకునే రకం"
అనింది ఆశా దేవసేన.
సూది లేదు. జ్వరానికి ఇంత మందు.
"చల్లటి మజ్జిగ పట్టు, కారం వద్దు.
ఉచ్చ పోస్తాండాడా లేదా, అది లెక్కపెట్టు.
పూటంతా పోయకుంటే
రాత్రని చూడొద్దు, పుత్తూరు ఆస్పత్రికి పరిగెత్తు."

పడుగు పోగులు లెక్కపెట్టే దాన్ని.
ఆ రాత్రి తడి గుడ్డలు లెక్కపెట్టినా.
మూడు.
నాలుగోది తెల్లారుజామున, వెచ్చగా, నా ఒడిలోనే.
తడిసినందుకు అంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

వారం అంగన్వాడీకి పంపలేదు. గ్లాసు వేరు, తువాలు వేరు.
సబ్బుతో నా చేతులే తెల్లబోయినాయి.
అయినా చంటిదానికి అంటుకోనే అంటుకునింది.
ఈసారి భయం కొంచెం తక్కువ.

నెల దాటినాక, మగ్గం కింద ఆడుకుంటా
వాడే తెచ్చి చూపించినాడు,
ఊడిన బొటనవేలి గోరు.
దాని చోట
నానిన బియ్యపుగింజంత
కొత్తది.