పదకొండు

వంద మీటర్ల తాడు ఇసుక మీద పరిచి
దాని వెంటే ఈదుతోంది మా లాండీ.
తాడుకి ఇటు ఒక మీటరు, అటు ఒక మీటరు,
అంతవరకే లెక్క.
అవతల కనబడినా రాయకూడదు.
నేను పడవలో పలక పట్టుకుని కూర్చున్నాను.
ఈ ఎడమకాలు ఇప్పుడు
పడవలోకి నేను ఎత్తి పెట్టుకునే సామాన్లలో ఒకటి.

మొదట్లో మోకాలిలోతులోనే దొరికేవి.
సిలామ్ ఆడవాళ్ళు గౌన్లు ఎగ్గట్టి బకెట్లకి ఏరేవారు,
ఇవి ఎవరు తింటారమ్మా అని నవ్వుకుంటూ.
తర్వాత హాంకాంగ్ ధర మా రేవుకి చేరింది.
మోకాలు నడుమైంది, నడుము నిలువైంది,
నిలువు కాస్తా పది నిలువులైంది.
బీరు పీపాలోకి గాలి కూరే కంప్రెసర్,
పెట్రోలు కంపు తెలీకుండా గొట్టంలో పుదీనా రెమ్మ.
ఆ ఏప్రిల్లో రోజుకి ఆరు గంటలు
పుదీనా పీల్చాను.
సంచి నిండిందని
ఒక్క ఉదుటున పైకొచ్చాను.
రక్తంలో ఎవరో గోలీసోడా కొట్టారు.

మెరిదా ఆసుపత్రి ఇనుపగదిలో ఐదు రోజులు.
నా తర్వాత వెనాన్సియో వంతు.
వంతు రాకముందే వెళ్ళిపోయాడు.

నీ సంగతంతా నాకు తెలుసు, దోసకాయా.
వెనకదారిన ఊపిరి పీలుస్తావు,
ఆ దారిలోనే ఒక సన్నచేపకి
అద్దె లేని గది ఇస్తావు.
మెదడు లేదు, కళ్ళు లేవు, తొందర లేదు.
ఇసుక తింటావు, ఇసుకే వదులుతావు,
మధ్యలో దానికి తలంటు పోసి.
ముట్టుకుంటే కట్టెవి,
వదలక పిసికితే వేళ్ళ సందుల్లోంచి జారే గంజివి.
మరీ బెదిరిస్తే పేగులన్నీ బయట పారేసి
ఖాళీ ఒంటితో నీ దారిన పోతావు,
కొన్ని వారాల్లో కొత్తవి అల్లుకుంటావు.
అది విన్న రోజు నిన్ను బూతులు తిట్టాను.
నాకు కావలసింది ఒక్క నరం.
వేలెడు నరం.

ఒకసారి చూశాను,
పౌర్ణమి వెళ్ళిన మూడో రాత్రి.
నువ్వు పడగెత్తినట్టు లేచి నిలబడి
మెల్లగా ఊగుతూ పాలపొగ వదిలావు.
పక్కన ఇంకొకటి లేచింది.
దాని పక్కన మరొకటి.
నా ముఖం ముందు నీళ్ళు చిక్కబడ్డాయి.

ఇప్పుడూ లేస్తావు. ఊగుతావు. వదులుతావు.
ఆ పాలు ఎవరినీ కలవకుండానే సముద్రమైపోతాయి.
చేపైతే ఈదుకెళ్ళి జోడు వెతుక్కుంటుంది,
నువ్వు రోజంతా పాకినా ఈ పడవంత దూరం.
జాతి పోవడానికి అందరూ చావక్కర్లేదు,
ఎడం పెరిగితే చాలు.

లాండీ తల పైకి తేలింది.
పది వేళ్ళు చూపించి
తర్వాత ఒక్క వేలు.
పోయినేడు ఏడే.
ఇరవై దాటితే పది రోజులు వేట తెరుస్తారు.

తూర్పున రెండు రాళ్ళ నడుమ ఒక గొయ్యి ఉంది.
అక్కడ మీరు భుజం భుజం రాసుకుని పడుకుంటారు,
మీకు భుజాలంటూ ఉంటే.
తాడు అక్కడ పరిస్తే ఇరవై కాదు, నలభై.
లాండీకి తెలీదు. నేను చెప్పను.
ఇది కాపలానో దొంగతనమో
రాసుకోడానికి పలకలో గడి లేదు.

రేవులో వెనాన్సియో కొడుకు విల్బెర్ట్ నిలబడ్డాడు,
అప్పు చేసి కొన్న కొత్త గొట్టం చుట్ట భుజాన వేసుకుని.
"ఎంత, మామా?"
పదకొండు అన్నాను.
వాడేమీ అనలేదు.
నన్ను పడవలోంచి దింపడానికి
చంకల్లో చేతులేసి వంగాడు.
వాడి చొక్కా జేబులోంచి
పుదీనా వాసన.