పోనిచ్చిన అల

వేట నిషేధం రోజులు.
కరేడు దిగువ పల్లెపాలెంలో
బోట్లన్నీ బోర్లా పడుకుని ఉన్నాయి
వీపుల మీద ఎవరివో ఆరేసిన లుంగీలతో.
వల బాగుచేసే ముసలాళ్లు కూడా ఇంకా లేవలేదు.
హేచరీలో రాత్రి డ్యూటీ దిగి
గమ్‌బూట్లు పంపుషెడ్డులో విడిచి
చంకన నా పలకతో ఇసకదిబ్బ దిగుతున్నాను.

పలకంటే
రొయ్యపిల్లల పెట్టెలకి తెచ్చిన థర్మాకోల్.
బోట్లకి మాట్లేసే కోదండం
మిగిలిన రెసిన్ మూడు పొరలు పోసి
"ఏం జేసుకుంటావో జేసుకోమే,
నా పేరు మాత్రం బయటపెట్టబాక" అని ఇచ్చింది.
ముక్కు కాస్త కుడికి తిరిగి ఉంటుంది.
నేనూ కుడికే పోతాను, ఉత్తరానికి.

కొండగాలి ఇంకా ఆగలేదు.
ఉలవపాడు తోటల్లోంచి మాగిన మామిడి వాసన మోసుకొచ్చి
అల మొహాన కొడుతోంది.
కొట్టినకొద్దీ అల
కూలడం మరిచిపోయి నిలబడుతోంది.

పోయిన కార్తీకంలో తుపాను
ఒడ్డుకి నూరు బారల దూరాన ఒక మెరక వేసి పోయింది.
లోతుల్లోంచి నింపాదిగా నడిచొచ్చే నీళ్లకి
అక్కడ కాలు తట్టుకుంటుంది.
మెరక పక్కన లాగు.
మా మేనమామ యానాదయ్య తెప్పల కాలం మనిషి,
"లాగుని జూసి జడుసుకునేది గాదు మే,
అది సముద్రం టిక్కెట్టు అడక్కుండా ఎక్కించుకునే బండి" అంటాడు.
ఎక్కాను.

మొదటిది నన్ను లెక్కచెయ్యలేదు.
పైకెత్తి, ఒక్క క్షణం ఊరంతా చూపించి,
వాటర్ ట్యాంకు, చర్చి శిలువ, మా యింటి రేకులు,
తలకిందులుగా విసిరింది.
నోట్లో ఇసక. చెవుల్లో మోటారు.
పైకి ఏదో, కిందకి ఏదో.
కాలికి కట్టిన తాడు గుంజినవైపే ఆకాశమనుకుని
ఆగాను.
ఈదలేదు. ఆగాను.

రెండోదాని మీద నిలబడ్డాను.
ఎంతసేపంటే, గాల్లో అగ్గిపుల్ల ఆరేంత.
పాదాల కింద నీళ్లు గట్టిపడి రోడ్డయ్యాయి,
పక్కన లేచి గోడయ్యాయి,
మళ్లీ నీళ్లే అయ్యాయి.
ఒడ్డున చూసింది ఒక కుక్క.
అదీ పీతని చూస్తోంది.

తర్వాత వచ్చింది అది.

దూరాన దక్షిణంగా, రేవు కట్టేచోట క్రేన్ల దీపాలు
ఒక్కొక్కటే మునిగిపోతుంటే
దాని ఎత్తు తెలిసింది.
పలక తిప్పాను. రెండు బారలు వేశాను.
తోక లేచింది. కింద
ఖాళీ, పచ్చగా, సీసా అడుగులా.
మూడో బార వెయ్యలేదు.

భయమా అంటే, భయమే.
కానీ ఉత్త భయమే అయితే
ఇన్నాళ్లు ఉండదు ఒంట్లో.

దాటిపోయాక దాని వీపు చూశాను.
ఒడ్డున ఉన్నవాళ్లకి ఎప్పుడూ కనపడని వీపు.
నున్నగా, తొందర లేకుండా,
ఇంటికి పోతున్న గేదెలా.
కొప్పు మీది తుంపర కొండగాలికి వెనక్కి ఎగిరి
నా మొహాన చిలికింది.
అటువైపు అది విరగడం
వినపడలేదు.
పలక గుండా పొట్టకి తెలిసింది.

ఎండెక్కింది. గాలి తిరిగింది.
సముద్రం ముడతలు పడి
మామూలు సముద్రమైపోయింది.

అమ్మకి చెప్పలేదు.
ఎక్కిన అలైతే ఏదో ఒకటి చెప్పొచ్చు.

ఆ రాత్రి మళ్లీ తొట్ల మధ్య
గాలిబుడగల గుసగుసలో
ఉప్పదనం చూసి, రిజిస్టర్లో
ముప్పై రెండు అని వేస్తూ వంగానా,
పొద్దుటి నీళ్లు, ఎక్కడ దాక్కున్నాయో,
ముక్కులోంచి జారి
అంకె మీద పడ్డాయి.
రెండు అలుక్కుపోయింది.

"జలుబా?" అన్నాడు సూపర్‌వైజరు.
అవునన్నాను.