బ్రాకెట్లలో

శాసనసభలో నా ఉద్యోగం అయిదేసి నిమిషాలు.
లోపల అయిదు నిమిషాలు విని, రాసుకుని,
బయటికొచ్చి టైపు చేసి
మళ్ళీ నా వంతు కోసం గోడకు ఆనుకుంటాను.
పందొమ్మిదేళ్ళుగా.

ఎవరేమన్నా అక్షరం పోకూడదు.
అరుపులకు మాత్రం మాకో వెసులుబాటుంది.
నలుగురూ ఒకేసారి మాట్లాడితే (అంతరాయం),
కుర్చీలు వదిలి ముందుకొస్తే (గందరగోళం).
ఎవరూ మాట్లాడని చోటికి
బ్రాకెట్టు లేదు.

ఆ రోజు చర్చ గుండ్లకుంట పార్కు మీద.
మూడు వందల పది ఎకరాలు,
ఎకరానికి ఏడాదికి ఒక రూపాయి,
తొంభై తొమ్మిదేళ్ళు.
వినోదపు పన్ను పదిహేనేళ్ళు మాఫీ.
మంజీరా నీళ్ళకు విడిగా ఒక పైపు.
లోపల ఏం కట్టుకున్నా
అనుమతి వాళ్ళకు వాళ్ళే ఇచ్చుకుంటారు.
"అధ్యక్షా, ఇది పార్కా, జాగీరా?
నాణేలొక్కటే ఇంకా అచ్చు వెయ్యలేదు!"
ఎడమవైపు బల్లలు చరిచారు.
(నవ్వులు)

నాణేలు కూడా అచ్చయ్యాయి, సార్.
లోపల సమోసా కొనాలంటే వాళ్ళ ప్లాస్టిక్ బిళ్ళలే చెల్లుతాయి,
మిగిలితే వెనక్కి తీసుకోరు.
మా చిన్నోడి జామెట్రీ బాక్సులో
ఇప్పటికీ రెండున్నాయి.
కానీ నేను రాసేదాన్ని, చెప్పేదాన్ని కాదు.

"ఆరు వేల ఉద్యోగాలు" అన్నారు మంత్రిగారు.
ఆరు వేలు, అంకెల్లో రాశాను.
అందులో ఒకటి నాకు తెలుసు.
ఆండాలు, మా చిన్నమ్మ కోడలు.
గేటు దగ్గర ఎలుగుబంటి వేషంలో నిలబడుతుంది,
ఏప్రిల్ ఎండలో, పూటకు నాలుగు గంటలు.
తల తియ్యకూడదు.
మాట్లాడకూడదు కూడా.
ఎలుగుబంటి నోట తెలుగు వస్తే
పిల్లలు జడుసుకుంటారట.

అంతకుముందు అక్కడ గుండ్లుండేవి,
ఒకదాని భుజం మీద ఒకటి.
తోస్తే పడతాయనిపించేవి,
ఎన్ని తరాల పిల్లలు తోసినా పడలేదు.
సందుల్లో సీతాఫలాలు.
గంపకెత్తి మొజంజాహీ మార్కెట్టు దాకా తెచ్చేది ఆండాలు,
కళ్ళు విచ్చిన పండొకటి నాకని దాచేది.
సాగుకు పనికిరాని గుట్ట, అన్నది ఫైలు.
పదకొండు రోజులు పేల్చారు.
పన్నెండో నెలకు అదే చోట
ఫైబర్ గుండ్లు నిలబెట్టారు,
ఒకదాని భుజం మీద ఒకటి,
కడుపులో స్పీకరు, స్పీకర్లో పిట్టల కూత.
చూడ్డానికి టికెట్టు.

మా బోడుప్పల్‌లో నల్లా
రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు.
అక్కడ కొలనులో అలలకు
ఆదివారం కూడా సెలవు లేదు.

ఎన్నికలయ్యాయి.
జాగీరన్న పెద్దమనిషి కుడివైపుకు మారారు.
పార్కుకు మరో నూట ఇరవై ఎకరాలు కావాలి.
"ఎనిమిది వేల ఉద్యోగాలు, అధ్యక్షా."
ఎడమవైపు నుంచి పాత మంత్రిగారు లేచారు.
"ఇది పార్కా, జాగీరా?"
(నవ్వులు)
బయటికొచ్చి కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాను,
పేర్లు అటూ ఇటూ మార్చాను,
ఆరును ఎనిమిది చేశాను. ఆ రోజు పని త్వరగా అయిపోయింది.
ఉర్దూ రిపోర్టరు ఫసీహుద్దీన్ సాబ్
నా తెర వైపు చూసి
వేలితో గాల్లో గుండ్రంగా చుట్టారు.
అది రంగులరాట్నమో,
అద్దె కింద ఖజానాకు వచ్చిందో,
నేను అడగలేదు.

నిన్న మధ్యాహ్నం ఫోను.
ఆండాలు గేటు దగ్గర పడిపోయింది.
ఆటలో భాగమనుకుని
చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారట,
ఒక పాప దాని పొట్ట మీద ఎక్కి ఫోటో దిగిందట.
తల ఊడదీసేసరికి
పావుగంట.
ఇప్పుడు గాంధీలో ఉంది, సెలైను ఎక్కుతోంది.
కూలీలో సగం రోజు కోశారు.

ఇవాళ నా వంతు పన్నెండూ ఇరవైకి.
లోపల అందరూ అరుస్తున్నారు,
ఎకరాల గురించే.
(అంతరాయం) అని రాశాను.
కాగితం చివర, టైపుకెక్కని మూలలో,
పెన్సిలుతో ఇంకో లైను రాసుకున్నాను.

ఎలుగుబంటి పడిపోయింది.
(నవ్వులు)