నంబరు నలభై ఒకటి

సుబేదారుపేటలో మా ప్రెస్సు మెట్ల మీద
మద్రాసు నుంచి వచ్చినాయన కూర్చున్నాడు,
చేతులకి తెల్ల గుడ్డ తొడుగులేసుకుని.
టీ వద్దన్నాడు. కారందోశ వద్దన్నాడు.
"ముందు ఆ అట్టముక్క చూపించండి" అన్నాడు.

బిస్కెట్ల డబ్బాలోంచి తీసిచ్చా.
అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.
రాకెట్ బబుల్‌గమ్ పొట్లంలో వచ్చిన క్రికెట్ బొమ్మ,
మా మామ బంకులో ఐదు పైసలు.
గమ్ము తీపి దాని వీపునింకా ఉందేమోనని
ఎవరూ లేనప్పుడు వాసన చూస్తా ఉంటా.

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు,
గుళ్లో మాట్లాడినట్టు:
శివకాశిలో ఎవరో ఫిల్మును తిరగేసి పెట్టారంట.
కుడిచేతి ఆటగాడు ఎడమచేతివాడై అచ్చయ్యాడు.
కంపెనీ కనిపెట్టి కట్టలన్నీ తగలబెట్టిందంట,
అప్పటికే గూడూరు దాటేసిన
ఒక్క లారీ సరుకు తప్ప.
"ఇప్పటికి ఆరే బయటపడ్డాయి.
మొన్న బొంబాయి వేలంలో ఒకటి
నాలుగు లక్షలు పలికింది."

నాలుగు లక్షలు.
ప్రూఫు దిద్దితే పేజీకి పన్నెండు రూపాయలు నాకు.
మనసులోనే భాగించా:
ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై మూడు పేజీలు.
శేషం నాలుగు రూపాయలు,
టీకి కూడా చాలదు.

భూతద్దం తీశాడు.
"మూలలు నలగలేదు" అన్నాడు.
"రంగు దిగలేదు" అన్నాడు.
ఆయన ఊపిరి అట్టమీద పడకుండా
మొహం పక్కకి తిప్పుకుని మరీ వదుల్తున్నాడు.
అంతలో అద్దం ఆగిపోయింది.

బ్యాటు పక్కన
నీలం బాల్‌పెన్నుతో ఒక బాణం గుర్తు.
దాని కింద, పదేళ్ల అక్షరాల్లో:
"తప్పు. కుడి చెయ్యి."

"ఎవరు రాశారిది?"
"నేనే."
"ఎందుకు?"

ఏం చెప్పను.
చొక్కా జేబు కుడిపక్కకి వచ్చింది సార్,
జేబు అటుండదు గదా.
వీఆర్ కాలేజీ గ్రౌండు గోడమీద కూర్చుని
ఖాదర్ బాషాతో పొద్దుగూకేదాకా పోట్లాడా.
వాడు ఎడమ అన్నాడు, నేను కుడి అన్నా.
వాడు ఒప్పుకోకపోయేసరికి
అట్ట వెనక్కి గుచ్చుకునేంత గట్టిగా రాశా.

ఆ బాణమే తర్వాత నాకు కూడు పెట్టింది.
ముప్పై ఎనిమిదేళ్లు ఈ ప్రెస్సులో,
శుభలేఖలు, కరపత్రాలు, చీటీల పుస్తకాలు.
ఒకసారి కర్మకాండ కార్డులో
చనిపోయినాయన పేరున్నచోట కొడుకు పేరు పడింది.
రాత్రి పదకొండింటికి మిషను ఆపించా.
తాను ఒక పూట చచ్చిపోయిన సంగతి
ఆ కొడుక్కి ఇప్పటికీ తెలీదు.
తీసేసిన తప్పుకి ఎవరూ వేలం పాడరు.

"ఇంకు పోగొట్టే మందులున్నాయి" అన్నాడాయన,
"కానీ ఆ నొక్కుడు పోదండీ."
తొడుగులు విప్పేశాడు.
వట్టి చేతుల్తో అట్టని తిరిగిచ్చాడు,
బస్సు టిక్కెట్టు ఇచ్చినట్టు.
రెండొందలిస్తానన్నాడు, గుర్తుగా ఉంచుకుంటానని.
వద్దన్నా.
అప్పుడు మాత్రం టీ తాగాడు.

రాత్రి ఖాదర్‌కి ఫోన్ చేశా.
సంతపేటలో కొట్టు కట్టేస్తున్నాడు,
షట్టరు చప్పుడులో సగమే వినపడింది వాడికి.
లక్షల మాట మాత్రం స్పష్టంగా వినపడింది.
కాసేపు నిశ్శబ్దం.
తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"ఆరోజే మొత్తుకున్నా గదరా,
ఎడమ చెయ్యే, ఎడమ చెయ్యే అని!
నా మాట వినుంటే
ఈపాటికి ఇద్దరం కార్లో తిరుగుతా ఉందుము."

చీకట్లో, ఒక్కణ్ణే,
ఫోన్ని ఎడమ చేతికి మార్చుకుని
కుడి చెయ్యి ఎత్తి చూపిస్తా చెప్పా:
"కాదురా ఖాదరూ.
కుడి."