వెనక అద్దం

మాకు క్రాపు చేసేది మాయమ్మే,
గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో.
బోర్లించిన గంగాళం మీద కూర్చోబెట్టి
చెవులు మడిచి పట్టుకునేది.
బడిలో నా తల చూసి
"కొండకు మెట్లు కట్టినార్రా" అని నవ్వేవాళ్లు.

కొండంటే గుర్తొచ్చింది.
మా నాయిన మునెప్ప ఏటా గువ్వలమిట్ట నుంచి
రెండు పగళ్లు నడిచి తిరుపతి చేరి
అలిపిరి కాడ చెప్పులు విడిచి మెట్లెక్కేవాడు.
మునెప్పకు భక్తి జాస్తి అనేది ఊరు.
నాకొక్కడికే చెప్పినాడు, బీడీ ముట్టించుకుంటా:
"అక్కడ టోకెనిస్తారబ్బోడా, అర బ్లేడిస్తారు.
తల వంచమంటారు, అంతే.
యా ఊరంటే చిత్తూరు పక్కనంటాను.
ఇంకేమీ అడగరు.
నీళ్లు చిలకరించి, వేలితో గడ్డం పైకెత్తి..."
ఆడ ఆగినాడు.
ఆ వేలిని తల్చుకుంటా కాసేపు కూర్చున్నాడు.
"నా జుట్టూ, తోపు గలాయన జుట్టూ ఒకే గంపలో.
దేవుడొచ్చినా విడదీయలేడు."

గుండు మీద చందనం ఆరకముందే ఊరొస్తుంది.
జుట్టు మాత్రం ఊళ్లోనే పెరగాల.

దొరసామి సెలూనుకు రేకుల కప్పు,
ఎదురెదురుగా రెండద్దాలు, ఒక రేడియో.
మేం గడప కాడికొస్తే
కత్తెరకు పదును లేదనేవాడు, నేలకేసి చూస్తా.
పాలిటెక్నిక్కు హాస్టలు నుంచి మా అన్న మాణిక్యం వచ్చి
"పదును పెట్టేదాకా కూర్చుంటాం" అన్నాడు.
పదకొండుమంది కూర్చున్నారు బెంచీ మీద.
దొరసామి తలుపేసుకున్నాడు.

నలభై రోజులు.
తోతాపురి కోతల కాలం, మమ్మల్ని తోపులోకి రానీలేదు.
రేషను బియ్యంలో రాళ్లేరుకుంటా మేం,
బంగారుపాళెంకు గడ్డం గీయించుకోను బస్సెక్కి వాళ్లు.
బస్సు రాని రోజు
ఊరంతా గడ్డాలే.
తెల్లవెంట్రుకకు మాత్రం ఏ వీధి అని లేదు,
అన్నిట్లోనూ వచ్చింది.

చిత్తూరు కోర్టులో నాలుగేండ్లు.
వాయిదాకొక కోడి, తర్వాత మేక,
తర్వాత మాయమ్మ చెవి కమ్మలు.
దొరసామి మాకెదురుగా సాక్ష్యం చెప్తాడని
వాళ్లే కారులో తెచ్చినారు.
బోనెక్కి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.
"అయ్యా, కింద రాలినాక
ఎవురి వెంట్రుకో నేనే చెప్పలేను.
నా చెయ్యి ఆపింది నా చెయ్యి కాదు.
నేనూ వాళ్లింటికి పెరటిదారినే పోతాను."
కిటికీలో పావురాలు గూడా
కదల్లేదనిపించింది నాకు.
తిరిగొచ్చేటప్పుడు ఆయన మా బస్సే ఎక్కినాడు.
మాణిక్యం జరిగి సీటిచ్చినాడు. ఎవురూ మాట్లాడలేదు.

తీర్పులో ఏముందో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు.
జరిమానా అన్నారు, అప్పీలన్నారు.
కమ్మలు మాత్రం తిరిగి రాలేదు.

ఒక మంగళవారం, బేరం లేని రోజు,
దొరసామే కబురంపినాడు.
కుర్చీలో నాయిన వెన్ను ఆనించకుండా కూర్చున్నాడు.
తెల్లగుడ్డ మెడకు ముడేసే చేతులు వణికినాయి,
గుడ్డ కింది చేతులు గూడా.
అంతా అయినాక దొరసామి చిన్నద్దం తీసి
వెనక పట్టుకున్నాడు.
అరవై ఏండ్లకు నాయిన
తన వెనక తల తాను చూసుకున్నాడు.
అక్కడొక మచ్చ, చిక్కుడుగింజంత.
చిన్నప్పుడు దొరువు కాడ తగిలిన రాయి.
వేళ్లకు తెలుసు దాని సంగతి, కండ్లకు తెలీదు.
"ఇదా" అన్నాడు. అంతే అన్నాడు.

ఎనిమిది రూపాయలు.
బల్ల మీద పెట్టబోతే
దొరసామి అరచెయ్యి చాపినాడు.

ఆ ఏడూ నాయిన కొండకు పొయినాడు.
ఈసారి దేవుడి కోసరమే.