తిమ్మిరి

హెబ్బాళ దాటాక, యలహంక రాకముందు,
మూడో అంతస్తులో పండు ఈగల గది.
ఏప్రిల్లో ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

గోడ మీద పాదరసం ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది...
ముప్పై తాకేసరికి
నా ట్రేలో ఈగలన్నీ
గుప్పెడు నువ్వులు జారవిడిచినట్టు
గాజుగొట్టాల అడుగున రాలిపడ్డాయి.
పక్క ట్రేలో మామూలువి మాత్రం
ఏమీ ఎరగనట్టు గాజు ఎక్కుతూనే ఉన్నాయి.

"అయ్యో, సచ్చిపోయినాయా ఏమి?"
మునిరత్నమ్మ. కోలారు పక్క మాలూరు ఆమెది.
పందొమ్మిదేళ్ళుగా ఈగలకు వండిపెట్టే మనిషి.
మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు;
మా అందరికంటే ముందు వాటికే టిఫిను.

చావలేదు, అన్నాను.
వీటిలో ఒక జన్యువు ఎండకు అలుగుతుంది.

ఎట్లా చెప్పను?
కణానికి తలుపుండదమ్మా, పొరే.
బయటి సరుకు వచ్చి ఆనితే
పొర లోపలికి గుంటపడుతుంది,
కొంగులో చిల్లర పడ్డట్టు.
ఆ గుంట మెడకు ఒక దారం చుట్టుకుని
బిగించి, తెంపి,
మూటను లోపలికి వదలాలి.
దారం వడికేది ఈ జన్యువే.
వేడెక్కితే ముడి పడదు.
మూటలన్నీ మెడ దగ్గరే వేలాడతాయి,
లోపలివీ కావు, బయటివీ కావు.
వాడిన సంచులు వెనక్కి రాక
కండకు కబురంపడానికి
నరం చేతిలో ఒక్కటీ మిగలదు.

"పేరేమి దీనికి?"
జపాను వాళ్ళు పెట్టారు. తిమ్మిరి అని అర్థం.

ఆమె నవ్వలేదు.
ఎడమ చెయ్యి చాపింది.
గరిటె తిప్పి తిప్పి మూడు వేళ్ళు
ఏడాదిగా తనవి కావట.
గిన్నె కాలుతున్నా
వాసన వచ్చాకే తెలుస్తుందట.
ఎవరికి చెప్పేది, అంది.

ఆరేళ్ళుగా రోజూ
ఆ చేతి నుంచే ట్రే అందుకుంటున్నాను.
ఆ మచ్చలు చూడలేదని అనను.
చూశాను.
లోపలికి తీసుకోలేదు.

తడిగుడ్డ చుట్టి గొట్టాలను కిటికీ నీడన పెట్టాం.
ఒక కాలు కదిలింది. తర్వాత, చాలాసేపటికి, ఇంకొకటి.
లేచి, రెక్కలు దులుపుకుని,
నడుమ ఏమీ జరగనట్టు తిండివైపు నడిచాయి.

మునిరత్నమ్మ తన వేళ్ళూ ఆ గుడ్డ కింద పెట్టి
కాసేపు ఆగి చూసింది.
"నాకేమీ కాలే," అంది.
గ్యాసు మీద పిండి అడుగంటుతుందని
వెళ్ళిపోయింది.

నోట్‌బుక్కులో రాశాను:
ముప్పై డిగ్రీలు. పడినవి నలభై ఒకటి. లేచినవి నలభై.
మార్జిన్లో, పెన్సిలుతో:
నరాల డాక్టరు, మంగళవారం ఓపీ,
ఎనిమిదింటికే వెళ్ళాలి, ఇద్దరం.