మూడు గడులు

శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా
మూడు గడులు నింపాలి.
మొదటి ఇష్టం, రెండో ఇష్టం, మూడో ఇష్టం.
రాత్రికి ఏం తినాలో తేల్చుకోలేనిదాన్ని
ఐదు నెలలకి ఒక ఊరిని తేల్చుకోవాలి.

హాస్టల్ కింద లాండ్రీ గదిలో
డ్రయ్యర్ నలభై రెండు నిమిషాలంటోంది.
దాని లెక్క ఎప్పుడూ అబద్ధమే.
బ్రిజెట్ వాషింగ్ మెషీన్ ఎక్కి కూర్చుని
కాళ్లూపుతూ ఊళ్లు చదువుతోంది:
ప్రాగ్‌లో బీరు నీళ్లకంటే చవకట,
లిస్బన్‌లో డిసెంబర్లోనూ స్వెట్టర్ అక్కర్లేదట.
ఇద్దరివీ నీలం పాస్‌పోర్టులే.
సొరుగులో పక్కపక్కన పడేస్తే
ఏది ఎవరిదో చీకట్లో తెలీదు.
గేటు దగ్గర తెలుస్తుంది.

నేను ఊళ్లని వేరేగా చదువుతాను,
పేరు చివర అచ్చు ఉందా లేదా అని.
లేకపోతే నా నాలుక ఊరుకోదు,
తనే ఒక కొమ్ము తగిలించి ఇంట్లోకి తెచ్చుకుంటుంది.
ప్రాగు. లిస్బను. బెర్లిను.
వియన్నాకి ఏమీ అక్కర్లేదు,
వీధి చివర్నించి ఎవరో అన్నని పిలిచినట్టే ఉంటుంది.
గెంట్ దగ్గర నాలుక ఆగింది.
గెంటు.

ఫోన్లో చెబితే హైమ పిన్ని
మన్రోవిల్ డయాలసిస్ సెంటర్ బ్రేక్ రూములో
తింటున్న ఉప్మా పొలమారేలా నవ్వింది.
"పోయి పోయి
గెంటేసే ఊరికి ఫీజు కట్టి మరీ వెళ్తావటే!"
నేనూ నవ్వాను.
కాసేపటికి గొంతు తగ్గించి
"తిరిగి రానిస్తారో లేదో, అది కనుక్కో ముందు" అంది.

కనుక్కున్నాను.
డొనాటెల్లి గారి ఆఫీసు గోడ నిండా ఫొటోలు,
చర్చిల ముందు, వంతెనల ముందు ఎగురుతున్న పిల్లలు.
అందరూ గాల్లోనే ఉన్నారు,
ఒక్కళ్లూ ఇంకా నేల మీదికి దిగలేదు.
ఆయన మంచివాడు. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు.
"నీ విషయం కొంచెం..." అని
సగం వాక్యం టేబుల్ మీద పెట్టాడు.
మిగతా సగం నాకు కంఠతా వచ్చు.
అమ్మ ఉద్యోగానికి కట్టిన తోకని నేను.
ఇరవై ఒకటి నిండిన రోజున ముడి దానంతటదే ఊడుతుంది.
అక్టోబరు పదకొండు.
సెప్టెంబర్లో క్లాసులు మొదలు.
పుట్టినరోజు అక్కడ, కేకు అక్కడ,
మళ్లీ ఈ దేశంలోకి రావడానికి
కొత్త కాగితం, కొత్త కిటికీ,
అద్దం అవతల మైకులో ఒక దగ్గు.

మూడేళ్లప్పుడు వచ్చాను పిట్స్‌బర్గ్‌కి.
నాకు గుర్తున్న మొదటి మంచు ఇక్కడిదే,
మొదటి అబద్ధమూ ఇక్కడిదే,
బాత్‌రూమ్ సింకులో పాలు పారబోసి
తాగేశానని చెప్పింది.

నదుల దగ్గరికి నడిచాను.
అలెగేనీ, మొనాంగహేలా
కలిసిన చోటే రెండూ పేర్లు వదిలేసి
ఒహాయో అయిపోతాయి.
నాలుగో తరగతిలో అట్ట మీద నీలంరంగు వేసి
దీనికి ప్రైజు తెచ్చుకున్నాను.
వాటినెవరైనా అడిగారా అని
ఇవాళ తోచింది.
గెంటులోనూ రెండు నదులు కలుస్తాయట.
లీయె వచ్చి స్కెల్డెలో పడుతుందట,
స్కెల్డె మాత్రం అదే పేరుతో సముద్రందాకా పోతుందట.
ఏది నేనో
చలికి ముక్కు కారుతుంటే తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం, నాలుగూ యాభై.
బ్రిజెట్ మూడు గడులూ నింపి
ఒక్కోదాని పక్కన చిన్న సూర్యుణ్ణి గీసింది.
నేను మొదటి గడిలో గెంట్ అని రాశాను,
కొమ్ము లేకుండా, వాళ్లు రాసుకున్నట్టే.
"మిగతా రెండూ?" అంది కౌంటర్లో అమ్మాయి.
తల అడ్డంగా ఊపాను.
ఎవరో గెంటేదాకా గుమ్మంలో నిలబడటం నాకు చేతకాదు.
అదేమీ ఆ అమ్మాయికి చెప్పలేదు.
ముద్ర వేసింది. కొంచెం వంకరగా పడింది.

పిన్నికి మెసేజ్ పెట్టాను: గెంటే.
నవ్వు బొమ్మ వస్తుందనుకున్నాను.
షిఫ్టు అయ్యాక, రాత్రి పదకొండింటికి
జవాబొచ్చింది:
"అక్కడ వాన ఎక్కువట.
గొడుగు ఇక్కడే కొనుక్కో. చవక."